మిగిలిపోయిన వంద నిమ్మకాయలు: ఇంటికి, ఒంటికి ఎంతవరకు పనికొస్తాయి?

ఇత్తడిబిందె (సోమవారం, ఉదయం 7:40)

అందరికీ నమస్కారం. మా పుట్టిల్లు నకిరేకల్ దగ్గర. మొన్న మా తమ్ముడు బస్సులో ఒక సంచి నిమ్మకాయలు వేసి పంపాడు. ఊరగాయ పెట్టాను, ఇరుగుపొరుగుకు పంచాను, డాబా మీద కూర్చుని రెండు గిన్నెల రసం పిండి ఐసు ట్రేల్లో గడ్డ కట్టించాను. అయినా ఇంకా వంద దాకా ఉన్నాయి. కొన్ని మెత్తబడుతున్నాయి కూడా. పారేయడానికి చేతులు రావట్లేదు.

శ్రావణ శుక్రవారం దగ్గర పడింది. పూజ సామాను తోమాలి. మాది బోరు నీళ్లు, కుళాయిలన్నీ తెల్లగా సున్నం కొట్టినట్టున్నాయి. వంటగది గట్టు, మైక్రోవేవ్ కూడా ఉన్నాయి. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, మొటిమల మచ్చలకు నిమ్మరసం, శనగపిండి కలిపి రాసుకుంటానని కూర్చుంది. వేటికి వాడొచ్చో, వేటికి వాడకూడదో మీ ఇళ్లలో చేసి చూసినవి చెప్పండి.

తెనాలి_పెద్దమ్మ (సోమవారం, ఉదయం 8:15)

ఇత్తడికి చెబుతాను వినమ్మా. నలభై ఏళ్లుగా నేను చేసేది ఇదే. దీపపు కుందులకు ముందు నూనె జిడ్డు వదలాలి. జిడ్డు మీద నిమ్మకాయ రుద్దితే జారిపోవడమే తప్ప చిలుము వదలదు. వేడి నీళ్లలో కాస్త సబ్బుపొడి గానీ, కుంకుడు రసం గానీ వేసి కుందుల్ని నానబెట్టు. వత్తి మసి, నూనె పోయాక తుడిచి, అప్పుడు పిండేసిన నిమ్మడిప్ప లోపల చిటికెడు మెత్తటి ఉప్పు వేసి రుద్దు. నీ కళ్ల ముందే రంగు మారుతుంది. రసం ఉన్న కాయ అక్కర్లేదు, డిప్పలు చాలు.

రుద్దిన వెంటనే కడిగి, పొడిబట్టతో తడి లేకుండా తుడవాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. తడిగా బోర్లించి వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ నల్లబడతాయి. తుడిచాక విభూతితో ఒకసారి పొడిగా రుద్దితే ఆ మెరుపు పండగ అయ్యేదాకా నిలుస్తుంది.

వెండికి మాత్రం ఇది పనికిరాదు. అల్యూమినియం గిన్నెలకు అసలు తగలనివ్వకు, నల్లబడిపోతాయి.

కాకినాడ_వంజరం (సోమవారం, ఉదయం 8:52)

చేపలు కడిగిన చేతులకు, చెక్క పలకకు నిమ్మడిప్పను మించింది లేదండి. రొయ్యలు ఒలిచాక సబ్బుతో మూడుసార్లు కడిగినా పోని వాసన ఒక్క డిప్పతో పోతుంది. సింకులో కూడా రెండు డిప్పలు రుద్ది వేడినీళ్లు పోస్తాను.

ల్యాబ్_మాస్టారు (సోమవారం, ఉదయం 10:30)

జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఇది నాకు ఇష్టమైన విషయం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నిమ్మకాయలో శుభ్రం చేసే వస్తువులు రెండు, ఒకదాని పని ఇంకోటి చేయదు. రసంలో ఉండేది సిట్రిక్ ఆమ్లం, సుమారు 5 నుంచి 6 శాతం. స్వీడన్ శాస్త్రవేత్త షీలే 1784లో నిమ్మరసం నుంచే దీన్ని వేరుచేశాడు. తొక్కలో ఉండేది నూనె, అందులో ముఖ్యమైనది లిమోనీన్. సీసాల మీద స్టిక్కర్ జిగురు, గ్యాస్ పొయ్యి మీద పల్చటి జిడ్డు వదిలేది తొక్కలోని నూనెకే. రసం జిడ్డును కదిలించదు. పెద్దమ్మగారు ముందు కుంకుడు రసం, ఆ తర్వాతే నిమ్మకాయ అన్నది అందుకే అక్షరాలా నిజం.

ఆమ్లం పని లోహాల మీది చిలుము, నీటి గార కరిగించడం. చేప వాసనకు కారణం అమీన్లు, అవి క్షారాలు. ఆమ్లం తగలగానే అవి లవణాలుగా మారి గాల్లోకి లేవవు, వాసన ఆగిపోతుంది. చేపల కూరలో చింతపండు పులుసు చేసే పని కూడా కొంత ఇదే.

ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. పైన పట్టిన ఆక్సైడు పొరను ఆమ్లం కరిగిస్తుంది, ఉప్పు ఆ పనిని తొందర చేస్తుంది. కానీ ఉప్పు, నిమ్మరసం పూసి గంటలు వదిలేస్తే జింకు కూడా కరిగిపోయి, రాగి మాత్రం పైన మిగిలి వస్తువు గులాబీ రంగుకు తిరుగుతుంది. రెండు మూడు నిమిషాలు చాలు. వెండి మీది నలుపు ఆక్సైడు కాదు, గంధకం కలిసి ఏర్పడే సల్ఫైడు. దాన్ని నిమ్మరసం కదిలించలేదు. వెండికి అల్యూమినియం ఫాయిల్ పరిచిన గిన్నెలో వేడినీళ్లు, వంటసోడా వేసి ముంచండి, నలుపు ఫాయిల్ మీదికి పోతుంది.

పెద్దమ్మగారితో ఒక్కచోట విభేదిస్తాను, ఏమీ అనుకోవద్దు. అల్యూమినియం నల్లబడేది సోడా వల్ల, క్షారం ఉన్న బోరు నీళ్ల వల్ల. ఇడ్లీ పాత్ర అడుగు నల్లబడకుండా నీళ్లలో చింతపండు గానీ, నిమ్మడిప్ప గానీ వేస్తారు కదా, ఆమ్లం ఆ నల్ల పొరను కరిగిస్తుంది కాబట్టే. కాకపోతే ఎక్కువసేపు ఉంచితే, ఉప్పు కూడా తోడైతే లోహమే తినేసి గుంటలు పడతాయి. కాబట్టి జాగ్రత్త అన్న మాట సరైనదే, కారణం వేరు.

తెనాలి_పెద్దమ్మ (సోమవారం, ఉదయం 10:58)

నిజమే మాస్టారూ. ఇడ్లీ పాత్రలో చింతపండు ముక్క నేనూ రోజూ వేస్తాను, ఇన్నేళ్లు ఈ రెండూ కలిపి ఆలోచించలేదు. మా అత్తగారి అల్యూమినియం డబ్బాలో నిమ్మకాయ ఊరగాయ పెట్టి అడుగుకు చిల్లి పడింది, అదే మనసులో ఉండిపోయింది.

కొత్తకాపురం (సోమవారం, మధ్యాహ్నం 1:20)

అక్కా, కుళాయిల గురించి. మాది మియాపూర్ వైపు అపార్టుమెంటు, మొత్తం ట్యాంకర్, బోరు నీళ్లే. షవర్ రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు పక్కలకు చిమ్మేవి. ప్లాస్టిక్ కవర్‌లో నిమ్మరసం పోసి షవర్ తల మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టాను. గంట తర్వాత విప్పి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే గార పొరలు పొరలుగా ఊడింది. కుళాయి మెడ దగ్గరైతే రసంలో తడిపిన గుడ్డ చుట్టి అరగంట ఉంచాను. తర్వాత బాగా కడగండి. రసంలో చక్కెర కూడా ఉంటుంది, బంకగా ఉండి చీమలు పడతాయి.

నిమ్మతోట_రాపూరు (సోమవారం, మధ్యాహ్నం 2:05)

మేము నిమ్మ సాగు చేసేవాళ్లం. చదువుతుంటే బావుంది, ఒక మాట చెప్పాలనిపించింది.

వానాకాలం కాపు ఎక్కువ, ధర తక్కువ. ఎండాకాలం కాపు తక్కువ, ధర ఎక్కువ. 2022 ఏప్రిల్లో ఒక్కో కాయ పది రూపాయలు దాటి అమ్మింది, అందరికీ గుర్తుండే ఉంటుంది. అదే చెట్టు కాయ వానల్లో కోత కూలి కూడా రాక గట్ల మీద పోసిన రోజులు మేము చూశాం. అందుకే మిగిలిన కాయ వాడుకోవాలన్న మీ ఆలోచనకు మనసు నిండింది తల్లీ.

శుభ్రం చేసుకోవడానికి నున్నటి మొదటి రకం కాయ కొనకండి. గజ్జి తెగులు మచ్చలున్న కాయ చూడ్డానికి బాగోదు గానీ మచ్చ తొక్కకే, రసానికి ఏమీ కాదు. మార్కెట్లో వాటిని పక్కన పోసి సగం ధరకైనా ఇస్తారు. రసం గట్టిగా పిండాలంటే కాయను అరచేతి కింద నేల మీద దొర్లించి కోయండి.

కడపబండ (సోమవారం, సాయంత్రం 5:45)

ఇత్తడిబిందె గారూ, వంటగది గట్టు అన్నారు. అది ఏ రాయి? దానికి నిమ్మకాయ పెట్టక ముందే నాకు చెప్పండి.

మాది నల్ల కడప రాయి గట్టు. ఇరవై ఏళ్లుగా అద్దంలా ఉండేది. రెండేళ్ల కింద ఒక వీడియోలో చూసి నిమ్మచెక్క, ఉప్పు వేసి గట్టంతా రుద్ది, మరకలు నానాలని పది నిమిషాలు వదిలేశాను. కడిగి ఆరాక చూస్తే చేయి తిరిగిన చోటల్లా బూడిద రంగు చారలు. తడిపితే కనపడవు, ఆరితే తేలతాయి. కొబ్బరినూనె రాస్తే నాలుగు రోజులు నల్లగా ఉంటుంది, మళ్లీ మామూలే. చివరికి పాలిష్ మిషన్ వాళ్లను పిలిచి గట్టంతా అరగదీయించాల్సి వచ్చింది. ఆ గట్టు మా నాన్న దగ్గరుండి వేయించింది. ఆ చారలు చూసిన ప్రతిసారీ గుండె కలుక్కుమనేది.

ల్యాబ్_మాస్టారు (సోమవారం, సాయంత్రం 6:30)

కడపబండ గారు చెప్పింది అందరూ రాసి పెట్టుకోవాలి. కడప నల్ల రాయి, తాండూరు, షాబాదు బండలు అన్నీ సున్నపురాళ్లే. పాలరాయి కూడా ఆ వంశమే. వాటిలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటు. మీ కుళాయి మీది తెల్ల గార కూడా కాల్షియం కార్బొనేటే. గారను కరిగించే ఆమ్లం బండను మాత్రం వదిలేస్తుందా? మన ఇళ్లలో చాలా నేలలు ఈ రాళ్లవే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గ్రానైట్ వేరు. చీమకుర్తి నల్ల గెలాక్సీ లాంటి రాయికి నిమ్మరసంతో అంత భయం లేదు. ఏ రాయో తెలియకపోతే సిలిండర్ వెనక కనపడని మూల ఒక్క చుక్క రసం వేసి నిమిషం చూడండి. సన్నటి బుడగలు వచ్చినా, తుడిచాక ఆ చోటు మసకబారినా అది సున్నపురాయి. రోజూ తుడవడానికి ఏ రాయికైనా పల్చటి సబ్బునీళ్లు చాలు.

ముత్యాలు, పగడాలు కూడా ఇదే పదార్థం. నగలు నిమ్మనీళ్లలో వేసేవాళ్లు అవి పక్కన పెట్టండి. ఇనుప దోసె పెనం కూడా వద్దు, ఏళ్ల తరబడి పట్టిన నూనె పొర పోయి తుప్పు పడుతుంది.

చార్మినార్_చెమ్కీ (సోమవారం, సాయంత్రం 7:10)

ముత్యాల మాట నిజం. మా అమ్మ ముత్యాల దుద్దులు నిమ్మ సబ్బునీళ్లలో రాత్రంతా నానబెట్టింది. పొద్దున మెరుపంతా పోయి సుద్దముక్కల్లా ఉన్నాయి.

ఇత్తడిబిందె (సోమవారం, రాత్రి 9:00)

అమ్మో! మాది కూడా కడప రాయే. రేపు పొద్దున రుద్దుదామని డిప్పలన్నీ ఆ గట్టు మీదే పెట్టాను. మీ పోస్టు చదివి పరుగెత్తి తీసి, గట్టు మీద నీళ్లు కుమ్మరించాను. రెండు గుండ్రటి మరకలు పడ్డాయి గానీ అంతటితో పోయింది. మీకు ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలదు.

బాత్రూం నేల టైల్స్‌కు నిమ్మరసంలో బ్లీచింగ్ పౌడర్ కలిపితే ఇంకా బాగా వదులుతుందని మా పనమ్మాయి అంటోంది. నిజమేనా?

ల్యాబ్_మాస్టారు (సోమవారం, రాత్రి 9:04)

కలపకండి. బ్లీచింగ్ మీద ఏ ఆమ్లం పడ్డా క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులకు ప్రమాదం. ఆ అమ్మాయికి కూడా దయచేసి ఇప్పుడే చెప్పండి.

వంటసోడా, నిమ్మరసం కలిపితే ప్రమాదం లేదు, కానీ లాభమూ లేదు. నురగ చూసి మురిసిపోతాం, రెండూ ఒకదాన్నొకటి చంపుకుని ఉప్పునీళ్ల లాంటిది మిగులుతుంది. సోడాతో రుద్దాలంటే సోడాతో రుద్ది కడగండి, తర్వాత నిమ్మకాయ.

వార్డు_సిస్టర్ (మంగళవారం, ఉదయం 6:20)

రాత్రి డ్యూటీ దిగి ఇది చూశాను. చర్మవ్యాధుల విభాగంలో నర్సును. పాప ముఖానికి నిమ్మరసం అన్న మాటకు ఎవరూ జవాబివ్వలేదు, నేను చెబుతాను.

వద్దు. శనగపిండి, పెరుగు, పసుపు మీ ఇష్టం. నిమ్మరసం మాత్రం వద్దు.

మన చర్మం పైపొర కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ 5 చుట్టూ. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు, ఇక్కడ తేడా వందల రెట్లు. మొటిమ మీద చర్మం అప్పటికే తెగి ఉంటుంది, అందుకే మండుతుంది. మంట పుడితే పనిచేస్తోందని అనుకుంటారు పిల్లలు. మన రంగు చర్మానికి మంట, వాపు వచ్చిన చోటల్లా మచ్చ మిగులుతుంది. మచ్చ పోవాలని రాసుకుని కొత్త మచ్చలతో మా దగ్గరికి వచ్చిన ఆడపిల్లలను చాలామందిని చూశాను. వాళ్లు అద్దం వైపు చూడకుండా తల తిప్పుకుంటారు.

ఇంకొకటి ఇంతకన్నా ముఖ్యం. నిమ్మలో, తొక్కలో మరీ ఎక్కువగా, ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టే అవుతుంది. దీన్ని ఫైటోఫోటోడెర్మటైటిస్ అంటారు. ఎలర్జీ కాదు, ఎవరికైనా రావచ్చు. వెంటనే తెలియదు. ఒక రోజు గడిచాక ఎరుపు, మంట, రెండు మూడు రోజులకు కొందరికి బొబ్బలు. అవి మానాక గోధుమ రంగు చారలు వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి. రసం కారిన దారిలోనే చార పడుతుంది, వేలిముద్రలు కూడా పడతాయి. చేతులకు నిమ్మరసం ఉండగా పిల్లల్ని ఎత్తుకుంటే వాళ్ల ఒంటి మీద మన వేళ్లు తేలతాయి. మబ్బు పట్టింది కదా అనుకోవద్దు, దీనికి కారణమైన ఎండ కిరణాలు మబ్బులోంచి కూడా వస్తాయి.

విటమిన్ సి కోసం అంటారు. వంద గ్రాముల నిమ్మరసంలో ఉండేది 30 నుంచి 50 మిల్లీగ్రాములు, అంటే 0.05 శాతానికి మించదు. మందుల దుకాణంలో దొరికే, ముఖానికి రాసుకునే విటమిన్ సి సీరంలలో 10 శాతం, ఆపైన ఉంటుంది, అదీ చర్మం తట్టుకునేలా తయారుచేసింది. పాప మొటిమలకు ఒక్కసారి చర్మ డాక్టరుకు చూపించండి.

పళ్లకు నిమ్మ, సోడా రుద్దడం కూడా మానండి. పంటి పైనుండే గట్టి పొర, ఎనామిల్, కరిగితే మళ్లీ రాదు.

ఇత్తడిబిందె (మంగళవారం, ఉదయం 8:30)

సిస్టర్ గారూ, మీ పోస్టు చదివి నా చేతులు చూసుకున్నాను. డాబా మీద కూర్చుని రసం పిండానని మొదట్లో రాశాను కదా. ఎడమ చేతి వెనక, బొటనవేలు నుంచి మణికట్టు దాకా నాలుగు గోధుమ రంగు చారలు. ఊరగాయ పసుపు పట్టిందనుకుని రెండు రోజులుగా సబ్బుతో తోముతున్నాను. మంట కూడా ఉంది, మిరపకారం అనుకున్నాను. ఇప్పుడేం చేయాలి?

వార్డు_సిస్టర్ (మంగళవారం, ఉదయం 8:41)

తోమడం ఆపండి అక్కా. బొబ్బలు లేవు కాబట్టి భయం లేదు. చల్లటి తడిగుడ్డ వేయండి, వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. ఎండలోకి వెళితే పొడుగు చేతుల జాకెట్టు గానీ, సన్‌స్క్రీన్ గానీ తప్పనిసరి, లేకపోతే చారలు ఇంకా ముదురుతాయి. బొబ్బ లేస్తే చిదమకుండా డాక్టరుకు చూపించండి. ఇకపై రసం నీడలో పిండి, చేతులు సబ్బుతో కడిగాకే బయటికి వెళ్లండి.

డల్లాస్_గోంగూర (మంగళవారం, ఉదయం 9:15)

ఇక్కడ దీన్ని మార్గరీటా బర్న్ అంటారు. ఎండలో నిమ్మకాయలు పిండి పానీయాలు కలిపేవాళ్లకు వస్తుందని ఆ పేరు. వేసవిలో మా పెరట్లో పిల్లల పుట్టినరోజుకు నిమ్మనీళ్లు కలిపిన మా వారికి వచ్చింది. నెలన్నర పట్టింది తగ్గడానికి.

ఇంకో సంగతి, ఇక్కడ లెమన్ అని అమ్మే పెద్ద పసుపు కాయ మన నిమ్మ కాదు. మన కాయకు దగ్గరిది కీ లైమ్. ఇక్కడి వీడియోల్లో చెప్పిన కొలతలు మన కాయకు సరిపోవు.

కొత్తకాపురం (మంగళవారం, మధ్యాహ్నం 12:40)

డిప్పలు పారేయకండి అక్కా. ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు తొక్కలు, పది పాళ్లు నీళ్లు ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత పెట్టండి. మొదటి నెల రోజూ మూత కాస్త వదులు చేసి గాలి వదలాలి, మరిచిపోతే డబ్బా పగులుతుంది. గాజు సీసా అసలు వద్దు. మూడు నెలలకు వడకట్టి నీళ్లలో కలిపి టైల్స్ నేలలు తుడుస్తాం. అది కూడా పుల్లనిదే కాబట్టి మీ బండల మీద వాడకండి.

తెనాలి_పెద్దమ్మ (మంగళవారం, మధ్యాహ్నం 3:30)

తలకు కూడా చెప్పనా. మా రోజుల్లో కుంకుడుకాయ పులుసులో మందారాకు వేసేవాళ్లం గానీ నిమ్మకాయ నేరుగా మాడుకు రుద్దడం మా ఇంట్లో లేదు. మా కోడలు చుండ్రుకని రుద్దుకుని మాడంతా పొక్కి డాక్టరు దగ్గరికి వెళ్లింది.

ల్యాబ్_మాస్టారు (మంగళవారం, సాయంత్రం 4:00)

కుళాయిల పని ఎక్కువుంటే కాయలు వృథా చేయకుండా కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అడగండి. అది సిట్రిక్ ఆమ్లమే, చవక. వంద మిల్లీలీటర్ల నీళ్లకు ఒక చిన్న చెంచా వేస్తే నిమ్మరసం అంత పులుపు వస్తుంది, బంక ఉండదు. కెటిల్ లోపలి గారకు లీటరు నీళ్లకు రెండు చెంచాలు వేసి మరిగించి అరగంట వదలండి. తర్వాత రెండుసార్లు మామూలు నీళ్లు మరిగించి పారబోయాలి.

మైక్రోవేవ్‌కు మాత్రం కాయే బాగుంటుంది. గిన్నెడు నీళ్లలో రెండు చెక్కలు వేసి నాలుగు నిమిషాలు తిప్పి, తలుపు తీయకుండా ఐదు నిమిషాలు ఆగి తుడవండి. మరకను మెత్తబరిచేది ఆవిరి, వాసన తీసేది నిమ్మ.

ఇత్తడిబిందె (శనివారం, ఉదయం 10:10)

నిన్న పూజ బాగా జరిగింది. కుందులు, హారతి పళ్లెం, పెద్ద బిందె పెద్దమ్మ చెప్పినట్టే చేశాను, బంగారంలా ఉన్నాయి. ముత్తయిదువలు అడిగి మరీ చెప్పించుకున్నారు. కుళాయిలు తెల్ల గార పోయి నిగనిగలాడుతున్నాయి. మా అమ్మాయికి సిస్టర్ పోస్టు చదివించాను, నా చేయి చూపించాను. ఆ చేయి చూశాక ఇంకేమీ అనలేదు, సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.

ఒక్క పొరపాటు చేశాను. చిన్న గంటకు ఉప్పు, నిమ్మ పూసి, ఫోను రాగానే వెళ్లిపోయి గంటకు వచ్చాను. ఒక వైపు గులాబీ రంగు తిరిగింది, మాస్టారు ముందే చెప్పినట్టు. బాగవుతుందా?

ల్యాబ్_మాస్టారు (శనివారం, ఉదయం 10:35)

పైపొర మాత్రమేనమ్మా. ఇక పులుపు ఏదీ తగలనివ్వకుండా విభూతి గానీ, ఇత్తడి తోమే పొడి గానీ పొడిబట్టతో కాసేపు రుద్దండి. ఆ పల్చటి రాగి పొర అరిగి కింది ఇత్తడి బయటపడుతుంది. మీ చేయి బాగయ్యాకే రుద్దండి, తొందరేం లేదు.

నిమ్మతోట_రాపూరు (శనివారం, ఉదయం 11:20)

ఇంకా ఎన్ని కాయలు మిగిలాయి తల్లీ?

ఇత్తడిబిందె (శనివారం, ఉదయం 11:26)

పన్నెండు, బాబాయ్. సాయంత్రం పులిహోరలోకి.